బొగ్గు గనుల చెంత కట్టెల మోపు

భద్రాచలమునకు పోవు యాత్రికుడు ‘భద్రాచలం రోడ్’ అను స్టేషనులో దిగినచో అతనికి గుడి గోపురము కనబడదు, గోదావరియు కనబడదు. ఆ స్టేషను కొత్తగూడెములో నున్నది. అచటినుండి భద్రాచలము ఇంకను సుమారు 40 కిలోమీటర్లు. రైలు ఆ ఊరిపేరు మాత్రమే పెట్టుకొని ఊరిని చేరకపోవుటకు కారణము విచారించినచో, ఈ అడవి యంచున వంటపొయ్యి చరిత్రయు కొంత బోధపడును.

1871లో భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 25 కోట్ల ఏండ్లకు పూర్వము, పెర్మియన్ యుగమున, బురదలో పూడిపోయిన వృక్షజాలమే ఈ బొగ్గు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కు పొందెను. 1889లో తవ్వకము మొదలయ్యెను. ఆ యేడే నైజాము రైలుమార్గము బెజవాడను చేరినది. 1927లో కారేపల్లి నుండి కొత్తగూడెమునకు పట్టాలు పడినవి. అప్పటికి గోదావరి ఆవలి భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. నైజాము రైలుకు అచట పనిలేదు. నదిపై వంతెన 1965లో గాని రాలేదు. తరువాత పట్టాలు ముందుకు సాగినవి. ఎటు? బొగ్గున్న మణుగూరు వైపునకు! భద్రాచలము మీదుగా మల్కన్‌గిరి మార్గమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము లభించినది 2024లో.

బొగ్గు రైలింజనులను లాగినది, మిల్లులను నడిపినది, పాల్వంచలో విద్యుత్తుగా మారినది. కాని గూడెములలో మూడురాళ్ల పొయ్యి క్రింద మండినది కట్టెయే. బొగ్గు రాజుకొనుటకు ఇనుప జాలియు, క్రిందినుండి గాలియు కావలెను. దాని పొగ గుడిసెలో భరింపరానిది.

బ్రిటనులో బ్రెండా బోర్డ్‌మన్ 1991లో వెలువరించిన గ్రంథము ఆదాయములో 10వ వంతు మించి ఇంధనమునకు వెచ్చింపవలసిన కుటుంబమును ఇంధన దారిద్ర్యములో నున్నట్లు లెక్కించెను. ఆ కొలబద్దతో కోయగూడెమును కొలిచినచో ఫలితము సున్న! కట్టెలు కొనుట లేదు గదా. అచట ఇంధనపు వెల రూపాయలలో లేదు. స్త్రీల కాలినడకలో నున్నది. ఇంధనలేమి, రవాణాలేమి అని ప్రభుత్వ దస్త్రములు వేరుచేయునవి ఆమె నెత్తిపై ఒకే మోపు.

ఆ మోపు బరువెంత? కిలో కట్టెలో సుమారు 3,500 కిలోకెలోరీల వేడి యుండును. మామూలు పొయ్యిలో గిన్నెకు చేరునది 10వ వంతు మాత్రమే. గ్యాసులో కిలోకు సుమారు 11,000. సగమునకు పైగా గిన్నెకు చేరును. ఈ లెక్కను 14.2 కిలోల సిలిండరు 250 కిలోల కట్టెకు సమానము. అనగా 25 కిలోల మోపులు పది.

ఇది గ్రహించియే 1999లో రాష్ట్రము దీపం పథకమును, 2016లో కేంద్రము ఉజ్జ్వలను ప్రారంభించినవి. అవి కనెక్షను భారమును తగ్గించినవి, దూరమును తగ్గింపలేదు. బండి రాని గూడెమునకు సిలిండరును మోసికొని పోవలెను. ఖాళీదే 15 కిలోలు, నిండినది 30. తిరిగి నింపించుకొనుటకు రొక్కము వేరు. అందుచేత గ్యాసు పొయ్యి ఒక మూలను, కట్టెపొయ్యి వేరొక మూలను గల ఇండ్లు పెక్కు. చుట్టములు వచ్చిననాడు మొదటిది వెలుగును. తక్కిన దినములలో రెండవది.