తాబేలుకి కుడి ఏది?

మన ఇళ్ళలో పిల్లలకి కుడి ఎడమలు నేర్పే పద్ధతి ఒకటే: "అన్నం తినే చెయ్యి కుడి". తన ఒంటి వరకూ ఇది బాగానే పనిచేస్తుంది. చిక్కంతా ఎదురుగా ఇంకొకరు నిలబడ్డప్పుడే. వాళ్ళ కుడి మనకి ఎడమవైపు ఉంటుంది కదా!

ఈ చిక్కుకి కంప్యూటర్ల చరిత్రలో ఒక చక్కటి జవాబుంది. 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో వాలీ ఫ్యూర్జీగ్, సేమోర్ పేపర్ట్, సింథియా సాలమన్ తదితరులు పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. కొన్నాళ్ళకి దానికి నేల మీద తిరిగే తాబేలు రోబో తోడైంది. "ముందుకి 50, కుడికి 90" అంటే అలాగే కదులుతుంది. ఇక్కడ కుడి అంటే చూసేవాళ్ళ కుడి కాదు, తాబేలు కుడి. ఎటు తిప్పాలో తెలియకపోతే లేచి, తనే తాబేలై నాలుగడుగులు వేసి చూసుకోవచ్చు. జెనీవాలో పియాజే దగ్గర పనిచేసివచ్చిన పేపర్ట్‌కి కావలసిందీ ఇదే.

కానీ లోగోకి టైపింగ్ రావాలి. ఇంకా అక్షరాలే రాని పిల్లల సంగతేంటి? ఎంఐటీలో విద్యార్థినిగా ఉన్న రేడియా పెర్ల్‌మన్ 1974-76 మధ్య ఈ పని పట్టుకున్నారు. ముందు బటన్ల పెట్టె: ముందుకి, వెనక్కి, కుడికి, ఎడమకి, ఒక్కో పనికి ఒక్కో బటన్. తర్వాత కార్డులు. వాటిని పెట్టెకున్న సందుల్లో వరసగా దోపి రంగు బటన్ నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఒక కార్డు ఇంకో వరసని పిలవొచ్చు, తానున్న వరసనే మళ్ళీ పిలవొచ్చు. అంటే రికర్షన్! వాడినవాళ్ళలో అందరికన్నా చిన్నపిల్లల వయసు మూడున్నరేళ్ళు.

ఈ పేరెక్కడో విన్నట్టుందా? మన నెట్‌వర్కుల్లో లూపులు పడకుండా కాపాడే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్‌ని 1985లో కనిపెట్టింది ఈవిడే.

మరి పిల్లల పని ఎందుకు వదిలేశారు? మగవాళ్ళ మధ్య, ముద్దొచ్చే పిల్లలతో పనిచేస్తుంటే తనని సైంటిస్టుగా లెక్కచెయ్యరేమోనని. ఈ మాట తర్వాత ఆవిడే చెప్పారు.

నాకు బాధనిపించేది ఇక్కడే. పిల్లలకి నేర్పడం చిన్నపని అన్న చూపు మనకీ పోలేదు. సాఫ్ట్‌వేర్ వదిలి నర్సరీ టీచరుగా వెళ్తానని ఇంట్లో అని చూడండి! ఎదుటివాడి చోట నిలబడి దారి చెప్పడం నేర్పుతుంది ఆ తాబేలు. మన రిక్వైర్‌మెంట్ల మీటింగుల్లో రోజూ కరువయ్యేది అదేగా?