జల్లెడ ఎవరి చేతిలో ఉంది?

చిన్నపిల్లల క్లాసురూములోకి ఇప్పుడు స్మార్ట్ టీవీ వచ్చింది, ట్యాబ్ వచ్చింది, ఉస్తాద్‌గారి ఫోన్‌లోంచి యూట్యూబ్ పాఠం వస్తోంది. పిల్లలకు ఏది చూపించాలి, ఏది ఆపాలి అని వాలిదైన్ ఫికర్ పడుతున్నారు. ఫికర్ సహీదే, కానీ కొత్తది కాదు. నూట యాభై ఏళ్ల కిందట ఉర్దూ చదివే ఇళ్లలో ఇదే బహస్ నడిచింది. అప్పుడు తెర లేదు, అచ్చు కితాబ్ ఉంది. లితో ప్రెస్ వచ్చి కితాబ్‌ను చవక చేసింది. కొద్ది ఇళ్లకే పరిమితమైన కిస్సాలు బజారుకెక్కాయి. పిల్లల చేతికీ చిక్కాయి.

పాత మక్తబ్‌లో పిల్లల కోసమని వేరే కితాబులు పెద్దగా ఉండేవి కావు. ఖాయిదా, ఖురాన్ నాజిరా అయ్యాక ఫార్సీ మొదలయ్యేది. సాదీ రాసిన గులిస్తాన్, బోస్తాన్, ఆ తర్వాత బహారె దానిష్. గులిస్తాన్ అఖ్లాఖ్ నేర్పే కితాబే. కానీ దాని ఐదో బాబ్ ఇష్క్ గురించి, జవానీ గురించి. బహారె దానిష్ నిండా ఆడవాళ్ల మోసాల కిస్సాలే. పెద్దల కోసం రాసినవే పిల్లలూ చదివేవారు. ఐదో బాబ్ వచ్చేసరికి దాన్ని దాటించేసే ఉస్తాదులు ఉండేవారు. అంటే జల్లెడ ఉస్తాద్ చేతిలో ఉండేది. ఆయన తమీజ్ ఎంతో, జల్లెడ అంత.

ఈ పరిస్థితిని దగ్గర నుంచి చూసినవాడు డిప్యూటీ నజీర్ అహ్మద్. బిజ్నోర్ జిల్లాలో పుట్టి, ఢిల్లీ కాలేజీలో చదివి, విద్యాశాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌గా బడులు తనిఖీ చేసినవాడు. తన కూతురు చదవదగ్గ కితాబ్ కోసం వెతికితే దొరకలేదు. తనే రాయడం మొదలుపెట్టాడు. అదే మిరాతుల్ ఉరూస్, 1869లో అచ్చయింది. అక్బరీ, అస్గరీ అనే ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. ఒకరికి ఇంటి సలీఖా లేదు, ఇంకొకరికి ఉంది.

అంతకు ఏడాది ముందే, 1868లో, వాయవ్య రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ విలియం మ్యూర్ హుకూమత్ ఒక ఎలాన్ చేసింది. ఉర్దూలోనో హిందీలోనో పనికొచ్చే కితాబ్ రాస్తే ఇనాం. మతసిద్ధాంత గ్రంథాలు పంపకూడదు, నీతికి విరుద్ధమైనదేదీ ఉండకూడదు, ఆడవాళ్లకు తగినవైతే మరీ మంచిది. మిరాతుల్ ఉరూస్‌కు 1000 రూపాయల ఇనాం వచ్చింది. సర్కారు 2000 ప్రతులు కొన్నది. అలా జల్లెడ ఉస్తాద్ చేతిలోంచి సర్కారు చేతిలోకి పోయింది. వద్దన్నదాన్ని నిషేధించడం ఒక పద్ధతి. కావాలన్నదాన్ని కొని బడులకు పంచడం ఇంకో పద్ధతి. రెండోదానికే తాఖత్ ఎక్కువ.

జల్లెడ పట్టడం గురించి నజీర్ అహ్మద్ రాసిన అసలు కథ 1874 నాటి తౌబతున్నసూహ్. కలరా నుంచి బతికి బయటపడ్డ నసూహ్ ఇంటిల్లిపాదినీ సరిదిద్దాలని పూనుకుంటాడు. ఒకచోట అతని బీవీ ఫహ్మీదా ఒక సంగతి గుర్తుచేస్తుంది. తనకు గులిస్తాన్ నేర్పేటప్పుడు అతను వరుసలకు వరుసలు కొట్టేసి, అక్కడక్కడా తెల్లకాగితం అంటించాడట. ఈనాడు మనం ఫిల్టర్ అంటున్నది ఆ తెల్లకాగితమే. అక్కడ మాత్రం కాగితం అంటించినవాడే పక్కన కూర్చుని మిగతాది చదివించాడు.

పెద్దకొడుకు కలీమ్ దగ్గర నసూహ్ ఆ ఓపిక పట్టలేదు. కలీమ్ షాయర్, కితాబుల దీవానా. బాప్ పిలిచినా రాలేదు, ఇల్లు వదిలి పోయాడు. నసూహ్ అతని గది తెరిపించి కితాబులన్నీ కాల్చేశాడు. ఆ మంటతో కలీమ్ ఇంటికి తిరిగొచ్చాడా? రాలేదు. దర్‌బదర్ తిరిగి, చివరికి గాయపడి వచ్చి చనిపోయాడు. రచయిత మొగ్గు నసూహ్ వైపే. అయినా అతని కలం నిజం దాచలేదు. కితాబ్ బూడిదైనా కొడుకు దిల్ మారలేదు.

1877లో సాలార్ జంగ్ పిలుపు మీద నజీర్ అహ్మద్ మన హైదరాబాద్ వచ్చి నిజాం సర్కారులో కొలువు చేశాడు. సాలార్ జంగ్ ఇంతెఖాల్ తర్వాత ఢిల్లీ వెళ్లిపోయాడు. అప్పటికి జల్లెడ మళ్లీ చేతులు మారుతోంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఆడపిల్లల కోసం బిహిష్తీ జేవర్ రాశారు. చదవకూడని కితాబుల ఫెహరిస్త్ ఒకటి అందులో ఇచ్చారు. అలిఫ్ లైలా, గుల్ బకావలీ, ఇందర్ సభాతో పాటు మిరాతుల్ ఉరూస్ కూడా అందులో ఉంది! సలీఖా నేర్పే మాటలతో పాటు దీన్‌ను బలహీనపరిచే మాటలూ ఉన్నాయన్నది ఆయన అభ్యంతరం. ఇనాం పొందిన కితాబే నిషేధానికి తగినదయింది. నజీర్ అహ్మద్ చివరి రోజుల్లో, 1908లో, ఒక పాద్రీ రాతలకు జవాబుగా ఉమ్మహాతుల్ ఉమ్మా రాశాడు. అందులోని జుబాన్‌లో అదబ్ లోపించిందని ఉలమా మండిపడ్డారు. ప్రతులు తగలబెట్టారు. కలీమ్ గదిలో రగిలిన మంట రాసినవాడి గుమ్మం దాకా వచ్చింది.

అయితే జల్లెడే వద్దా? అలా అనలేం. ఆరేళ్ల బచ్చా ముందు అన్నీ తెరిచిపెట్టడం తర్బియత్ కాదు. కానీ ఆ జమానాలో పిల్లలకు నిజంగా మేలు చేసింది కొట్టేసిన వరుసలు కాదు, కొత్తగా రాసిన వరుసలు. లాహోర్‌లో మహమ్మద్ హుసేన్ ఆజాద్, మీరట్‌లో మౌల్వీ ఇస్మాయీల్ పిల్లల వయసుకు తగ్గట్టు ఉర్దూ వాచకాలు రాశారు. ఇస్మాయీల్ మేరఠీ పేరు వింటే ఉర్దూ మీడియంలో చదివినవాళ్ల ముఖం ఇప్పటికీ వెలుగుతుంది. బకావలీని మరిపించాలంటే బకావలీని తిడితే చాలదు, అంతకన్నా మజా ఉన్నది చేతికివ్వాలి.

ఇవాళ జల్లెడ కంపెనీ చేతిలో ఉంది. ఏ వీడియో తర్వాత ఏది రావాలో యంత్రం తేలుస్తుంది. దానికి మన బచ్చా పేరు తెలుసు, వయసు తెలుసు, హాల్ తెలియదు. అందుకే ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇంకో మూడు అడగండి. క్లాసులో చూపించే వీడియోను టీచర్ ముందే ఆఖరుదాకా చూశారా? పాఠం అవగానే తర్వాతి వీడియో దానంతటదే మొదలవకుండా ఆపారా? చూశాక పిల్లలతో దాని గురించి ఏం మాట్లాడారు? ఇంట్లో మన ఫోన్ గురించీ ఇవే మూడు సవాళ్లు. తెల్లకాగితం అంటించడం ఎవరైనా చేస్తారు. పక్కన కూర్చోవడం మాత్రం మనమే చేయాలి.