పెద్ద తుపాకుల మిగులు మందు

తెలుగులో ‘మందు’ అనే మాటకు పని ఎక్కువ. జబ్బుకు వేసేదీ మందే, సాయంత్రం గొంతులో దించేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. మూడింటికీ మోతాదే ప్రాణం. ఇక్కడ చెప్పబోయేది మూడో మందు సంగతి. అమెరికాలో పొలాలు, పచ్చికబయళ్లు పాడుచేసే చిన్న జంతువుల కోసం పుట్టిన సన్నగొట్టం రైఫిళ్లున్నాయి. వాటి తూటాలను ఇంట్లోనే కట్టుకునేవాళ్లు ఏ మందు ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్నది కథ. చాలాకాలం వాళ్లకు దక్కింది ఎవరికోసమో తయారై మిగిలిపోయిన మందే.

‘వెర్మిన్’ అన్న మాట పల్లెటూరి నోళ్లలో నలిగి ‘వార్మింట్’ అయింది. తూర్పున వుడ్‌చక్, మన పందికొక్కును బాగా మేపి బొచ్చు పెంచినట్టుంటుంది. పడమటి బయళ్లలో ప్రెయిరీ డాగ్, పేరుకు కుక్క, జాతికి ఉడుత. రెండూ బొరియలు తవ్వుతాయి. మనిషి అలికిడైతే లోపలికి దూరిపోతాయి కాబట్టి రెండు మూడు వందల గజాల నుంచి కొట్టాలి. అంత దూరంలో చెంబంత గురి. దానికి బరువైన గుండు అక్కర్లేదు, వేగం కావాలి. ఆ వేగమిచ్చేది మందు.

నల్లమందు, అంటే పొగచిమ్మే పాత తుపాకీమందు, రోజుల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10, ఎక్కడైనా ఇంచుమించు ఇదే లెక్క. పలుకు ముతకా, సన్నమా అన్నదొక్కటే తేడా. ఆ సూరేకారానికి మన గడ్డతో సంబంధం ఉంది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది సైన్యానికి మందు చేసే డుపాంట్ కుటుంబం నుంచి లామట్ డుపాంట్ ఇంగ్లండ్ వెళ్లి ఓడలకొద్దీ సూరేకారం కొన్నాడు. అది భారతదేశం నుంచి వచ్చిన సరుకే.

1885లో వచ్చిన .22 వించెస్టర్ సెంటర్‌ఫైర్ తూటాలో 13 గ్రెయిన్ల నల్లమందు, 45 గ్రెయిన్ల సీసపు గుండు ఉండేవి. రెండు గ్రెయిన్లంటే మన కంసాలి తూచే గురివింద గింజకు కాస్త ఎక్కువ. వేగం సెకనుకు సుమారు 1,500 అడుగులు. కాల్చిన మందులో సగానికి పైగా పొగగానో మసిగానో మిగిలేది. అంత సన్న గొట్టంలో ఆ మసి పేరుకుంటే నాలుగు దెబ్బలకే గురి తప్పేది.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగలేని మందు చేశాడు. నైట్రోసెల్యులోజ్‌ను ఈథర్, ఆల్కహాల్‌తో ముద్దగా చేసి, పలకలుగా ఒత్తి, ముక్కలు కోశాడు. మసి పోయింది. దాంతోపాటే ఎంపిక అనే తలనొప్పి మొదలైంది. నల్లమందుకు ఒకే స్వభావం ఉంటే, ఈ కొత్త మందు ఎంత తొందరగా మండాలో ముక్క ఆకారాన్ని బట్టి, పైపూతను బట్టి తయారుచేసేవాడే నిర్ణయించవచ్చు.

పొయ్యిలో ఎండు కొబ్బరాకు వేస్తే ఒక్క ఊపున భగ్గుమని ఆరిపోతుంది. తుమ్మమొద్దు నిదానంగా మండుతుంది. పొట్టి తొడుగులో కొంచెం మందు పట్టే తూటాకు కొబ్బరాకు లాంటి మందు సరిపోతుంది. పెద్ద తొడుగు, సన్న గొట్టం ఉన్న తూటాలో అదే వేస్తే గుండు కదిలీ కదలకముందే ఒత్తిడి ఆకాశాన్ని అంటుతుంది. తుపాకీ పగిలి మొహాన పడవచ్చు. అక్కడ మొద్దు కావాలి, గుండు గొట్టం పొడవునా వెళ్తున్నంతసేపూ వెనక నుంచి నెడుతూ ఉండాలి. మరీ నిదానపు మందు చిన్న తూటాలో వేస్తే సగం మండకుండానే గొట్టం మూతి నుంచి రాలిపోతుంది. డుపాంట్ వాళ్ల ఐఎంఆర్ మందుల పలుకు సన్నని గొట్టంలా ఉంటుంది, పిల్లలు వేళ్లకు తొడుక్కుని తినే వేపుడు గొట్టాలను గసగసాల సైజుకు కుదించినట్టు. బయట మండి తరిగే కొద్దీ లోపలి రంధ్రం పెద్దదవుతుంది, కాబట్టి మండే వైశాల్యం ఇంచుమించు ఒకేలా నిలుస్తుంది. ఇంత తెలివిగా చేసింది సైన్యపు రైఫిళ్ల కోసం. ఐఎంఆర్ అన్న పొడి అక్షరాలకు అర్థమే ‘మెరుగైన సైనిక రైఫిల్’ మందు అని.

1920ల్లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల చుట్టూ తిరిగే టౌన్సెండ్ వీలెన్ వంటి సైనికాధికారులు పాత .22 నల్లమందు తొడుగులోకే కొత్త మందు పోసి చూశారు. అదే .22 హార్నెట్ అయింది. 1930లో వించెస్టర్ దాని తూటాలు అమ్మకానికి పెట్టింది. విచిత్రమేమిటంటే అప్పటికి బజార్లో దానికి తగిన రైఫిలే లేదు. కొంతకాలానికి హెర్క్యులీస్ కంపెనీ 2400 అనే మందు తెచ్చింది. హార్నెట్‌లో 2,400 అడుగుల వేగం ఇస్తుందనే ఆ పేరని చెప్పుకుంటారు. మిగులు కాని మందు చిన్న తూటాకు దొరికిన అరుదైన సందర్భమిది. తర్వాత పిస్తోలు వాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు, అది వేరే సంగతి.

1935లో .220 స్విఫ్ట్ తూటా వచ్చి 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 4,110 అడుగుల వేగంతో పంపింది. గొట్టం మొదలు తొందరగా అరిగిపోతుందన్న అపకీర్తి కూడా దాంతోపాటే వచ్చింది. నా మటుకు ఆ అపకీర్తిలో సగం మోతాదు మీద ఆశ చావని యజమానులదే.

అసలు మలుపు రెండో ప్రపంచయుద్ధం. 1943లో కాలిఫోర్నియా ఒరోవిల్‌లో, గుండ్లు దొరకని ఆ రోజుల్లో, ఫ్రెడ్ హంటింగ్టన్ తన తండ్రి లాండ్రీ వెనక గదిలో కూర్చుని, కాల్చి పారేసిన .22 రిమ్‌ఫైర్ తొడుగులను గుండ్లకు పైపొరగా నొక్కే అచ్చులు చేశాడు. ఆయన కంపెనీ పేరు ఆర్‌సీబీఎస్‌లో మొదటి రెండక్షరాలు ‘రాక్ చక్’, అంటే వుడ్‌చక్‌కు కొండల్లోని చుట్టం.

యుద్ధం అయ్యాక కాన్సస్‌లో బ్రూస్ హాడ్గ్‌డన్‌కు ఒక సంగతి గుర్తొచ్చింది. మొదటి యుద్ధం తర్వాత మిగిలిన మందును ప్రభుత్వం తగలబెట్టేసింది. ఈసారి జీవితబీమా మీద అప్పు తెచ్చి 50,000 పౌన్ల 4895 కొన్నాడు. అది సైన్యపు గారండ్ రైఫిల్ తూటాల కోసం చేసిన మందు. దాచడానికి గోదాము లేక అద్దె పచ్చికబయల్లో ఒక పాత రైలుపెట్టె పెట్టుకున్నాడు. అందులోంచి దేశమంతటా వంటింటి బల్లల మీదకు చౌకమందు చేరింది. మధ్యరకం వేగంతో మండే 4895 రకరకాల తొడుగులకు సర్దుకుపోయింది. ఇంకో పేరులేని గుళికల మందుకు ఆయనే పేరు పెట్టాడు. తన .22 వైల్డ్‌క్యాట్ (కంపెనీలు అమ్మని, సొంతంగా రూపొందించుకున్న తూటా) రైఫిల్‌లో 52 గ్రెయిన్ల గుండు వెనక 38.0 గ్రెయిన్లు పోస్తే గుండ్లన్నీ ఒకే రంధ్రంలో పడ్డాయట. అందుకని హెచ్380. ఆ తూటానే 1965లో రెమింగ్టన్ .22-250గా సొంతం చేసుకుంది. 38.0 అన్న అంకె ఆ ఒక్క తుపాకీ లెక్క అని మరిచి కాపీ కొట్టకూడదు.

ఆ గుళికల మందు పుట్టుక కూడా మిగులు కథే. 1930ల్లో వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీలో ఫ్రెడ్ ఓల్సన్, మొదటి యుద్ధం నాటి చెడిపోతున్న ఫిరంగి మందును కరిగించి, నీళ్లలో చిన్నచిన్న బంతులుగా మార్చాడు. బల్ల దగ్గర కూర్చుంటే తేడా చేతికే తెలుస్తుంది. గొట్టపు పలుకులు కొలతయంత్రం చక్రంలో ఇరుక్కుంటే పిడిలోకి ‘కటక్’మని తగులుతుంది, ఆ దెబ్బ కొలత ఎక్కువో తక్కువో అవుతుంది. అప్పుడు తక్కెడ పళ్లెం మీద చెంచా వంచి, వేలితో తట్టుతూ, ముల్లు నిలిచేదాకా రెండు పలుకులు, మరో పలుకు వదలాలి. గుళికలైతే ఆవాలు జారినట్టు ఒకే తీరున పడతాయి.

కానీ ఆ గుళికల మందే ఒకచోట మనుషుల ప్రాణం మీదికి వచ్చింది. 1950లో రెమింగ్టన్‌లో మైక్ వాకర్ చేసిన .222 తూటాను సాగదీసి ఎం16 రైఫిల్ తూటా చేశారు. వుడ్‌చక్ తూటా వియత్నాం వెళ్లిందన్నమాట. మొదట ఐఎంఆర్ మందుతో నడిచిన ఆ రైఫిల్‌కు 1964 నుంచి గుళికల మందు అనుమతించారు. తుపాకీ మార్చలేదు. కాల్చే వేగం పెరిగింది, గుళికల్లోని కాల్షియం కార్బనేట్ గ్యాస్ గొట్టాల్లో పేరుకుంది, యుద్ధభూమిలో రైఫిళ్లు పట్టేశాయి. 1967లో అమెరికా కాంగ్రెస్‌కు చెందిన ఐకార్డ్ ఉపసంఘం దీన్ని తవ్వితీసింది. మందు మారిస్తే తుపాకీయే మారినట్టన్నది ఇంట్లో తూటాలు కట్టుకునేవాడికి తెలిసిన ముక్క.

ఇక మిగిలిన చిక్కు ఎండ. జూలైలో ప్రెయిరీ డాగ్ బయల్లో తూటాలు గంటలకొద్దీ ఎండలో ఉంటాయి, వేడికి మందు ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున కుదిరిన గురి మధ్యాహ్నానికి చెదురుతుంది. 1990ల్లో హాడ్గ్‌డన్ కంపెనీ ఉష్ణోగ్రతకు అంతగా లొంగని వార్గెట్ తెచ్చింది. వార్మింట్, టార్గెట్ అన్న రెండు మాటలు కలిపి పెట్టిన పేరది. డబ్బా మీద ఇన్నేళ్లకు ఆ చిన్న జంతువుల పేరు సగమైనా పడింది. మందు మాత్రం ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో, రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం కట్టిన కర్మాగారం నుంచే వచ్చింది.