ఖాళీ పాస్‌వర్డ్

రాత్రి పది దాటింది. నరసరావుపేట శివారులో ఓ ఇంజనీరింగ్ కాలేజీ, సర్వర్ గది. లోపల ఏసీ చలి. తలుపు తీస్తే సెగ. పగలంతా పల్నాటి ఎండ తాగిన గోడలు ఇంకా చల్లారలేదు.

రేపు పొద్దున తొమ్మిదికి పరీక్ష ఫీజు పోర్టల్ తెరవాలి. ల్యాబ్‌లో వాడే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లే ఇక్కడా పనిచేయాలి. ఆ ఖాతాలన్నీ యాక్టివ్ డైరెక్టరీలో ఉన్నాయి. పోర్టల్‌కి కాపలా స్ప్రింగ్ సెక్యూరిటీ. డైరెక్టరీతో మాట్లాడే ఎల్‌డాప్ ప్రోటోకాల్ ద్వారా ఈ రెంటినీ కలపడం మీ పని.

టెస్ట్ విద్యార్థి పేరు కొట్టి లాగిన్ నొక్కుతారు. కుదరదు. లాగ్‌లో ఎర్రటి వరసల మధ్య ఒక సంఖ్య: 49. పేరో పాస్‌వర్డో తప్పట. ల్యాబ్‌లో ఇదే పనిచేస్తోందే!

కాన్ఫిగరేషన్ మళ్లీ చదువుతారు. డైరెక్టరీలో ప్రతి ఖాతాకూ ఓ పూర్తి చిరునామా ఉంటుంది: మనిషి, బ్రాంచి, కాలేజీ. మీరు చూసి రాసిన ఉదాహరణలో అది యూఐడీతో మొదలవుతుంది. మీ డైరెక్టరీలో మనిషి పూర్తి పేరుతో మొదలవుతుంది. ఇందాకటి నుంచీ లేని ఇంటి తలుపు కొడుతున్నారు.

చిరునామా ఊహించడం మానేసి, వెతికించే పద్ధతికి మారతారు. చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతా ఒకటి ఇస్తే, స్ప్రింగ్ దాంతో యూజర్‌నేమ్ వెతికి చిరునామా పట్టుకుంటుంది. ఆ చిరునామా, విద్యార్థి కొట్టిన పాస్‌వర్డ్ కలిపి డైరెక్టరీకి పంపుతుంది. అదే బైండ్. ఈసారి డైరెక్టరీ ఒప్పుకుంది.

వెంటనే 403. వచ్చిందెవరో తెలిసింది, అతన్ని ఏం చేయనివ్వాలో తెలియలేదు. స్ప్రింగ్ డిఫాల్ట్ ఫిల్టర్ గ్రూపుల్లో 'యూనిక్‌మెంబర్' కోసం వెతుకుతోంది. యాక్టివ్ డైరెక్టరీలో ఉండేది 'మెంబర్'. ఈ డిఫాల్ట్ పెట్టినవాళ్లని ఒక్క రాత్రి ఇక్కడ కూర్చోబెట్టాలి! ఒక్క మాట మారుస్తారు. ఫీజు పేజీ వచ్చింది.

"అన్నా, టీ." ల్యాబ్ కుర్రాడు గ్లాసు పెట్టి పక్క కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. "పాత మార్కుల పేజీ కూడా దీనికే కలిపేద్దామా?"

ఆ పేజీ ఏనాటి బ్యాచ్ పిల్లలో రాసింది. స్ప్రింగ్ లేదు. డైరెక్టరీతో సొంత కోడ్‌తోనే మాట్లాడుతుంది. కుర్రాడు ఎగ్జామ్ సెల్ సార్ యూజర్‌నేమ్ కొడతాడు. పొరపాటున ఎంటర్ తగులుతుంది.

పేజీ తెరుచుకుంది.

"పాస్‌వర్డ్ కొట్టావా?"

"లేదన్నా."

కీబోర్డు మీరు లాక్కుంటారు. ఇంకో పేరు. ఖాళీ. ఎంటర్. తెరుచుకుంది.

ప్రిన్సిపాల్ పేరు. ఖాళీ. ఎంటర్.

తెరుచుకుంది.

మార్కులు. పక్కనే 'సవరించు' బటన్.

ఎలా? పేరిచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే, ఆ వచ్చినవాణ్ణి యాక్టివ్ డైరెక్టరీ డిఫాల్ట్‌గా పేరులేని అతిథిగా లెక్కేసి 'సరే' అంటుంది. ప్రిన్సిపాల్‌గా గుర్తించి అన్న మాట కాదది. పాత కోడ్ ఆ 'సరే' ఒక్కటే విన్నది. 2006 నాటి ఎల్‌డాప్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 4513 ఈ ప్రమాదం గురించి ముందే హెచ్చరించింది, ఖాళీ పాస్‌వర్డ్‌ను అప్లికేషన్ ఆపాలని చెప్పింది. మరి మీ పోర్టల్? గుండె దడదడలాడుతుండగా ఖాళీగా ఎంటర్ నొక్కుతారు. రానివ్వలేదు. స్ప్రింగ్ దాన్ని డైరెక్టరీ దాకా పోనివ్వనే లేదు.

పాత కోడ్‌లో ఒక 'ఇఫ్' పెడితే చాలా? వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. రెండు నిమిషాల పని. కిందికి చదువుతారు. కొట్టిన పేరును ఫిల్టర్‌లో ఉన్నదున్నట్టు అతికించేశారు. అక్కడ ఎవరైనా ఏ పేరుకైనా సరిపోయే నక్షత్రం గుర్తు కొడితే? ఇంకా కిందికి. పోర్ట్ 389. మీ పోర్టల్ 636 మీద గుప్తంగా మాట్లాడుతుంటే, ఇది అందరి పాస్‌వర్డ్‌లనూ కాలేజీ నెట్‌వర్క్‌లో బాహాటంగా పంపుతోంది.

చాలు. సర్వీసు ఆపేస్తారు. ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తారు.

"ఏంటయ్యా ఈ వేళప్పుడు?"

"సార్, మార్కుల పేజీ ఆపేశాను. పాస్‌వర్డ్ లేకుండా మీ పేరుతో ఎవరైనా లోపలికి రావచ్చు. పొద్దున్నే సంతకాలున్న మార్కుల షీట్లు తెప్పించండి. ఒక్కొక్కటీ సరిచూడాలి."