రేషన్: లెక్క నుంచి హక్కు దాకా

రేషన్ అనగానే తెలుగువారికి బియ్యం, కార్డు, చౌకధరల దుకాణం స్ఫురిస్తాయి గాని, ఆ మాట పుట్టుకలో తిండి ప్రసక్తే లేదు. లెక్కించడం, తలపోయడం అనే అర్థాలున్న లాటిన్ క్రియ నుంచి ఏర్పడిన ‘రతియో’ అనే నామవాచకంలో గణన, వివేచన రెండూ కలిసి ఉండేవి. ఇంగ్లీషులో నిష్పత్తిని తెలిపే ‘రేషియో’, హేతువును తెలిపే ‘రీజన్’, వాటాను తెలిపే ‘రేషన్’ ఆ ఒక్క మూలం నుంచే వేర్వేరు దారుల్లో వచ్చాయి.

వీటిలో రేషన్ నడిచింది సైనిక శిబిరాల దారిన. సైనికుడికి రోజుకింత అని కొలిచి ఇచ్చే తిండి అనే అర్థంతో అది 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి చేరింది. ఉన్న నిల్వను నోళ్ల సంఖ్యతోనూ రోజులతోనూ భాగించి తేల్చిన వాటా కాబట్టి, గణన అనే మూలార్థం అందులో చెదరలేదు. ‘నేషన్’తో ప్రాస కలిసేలా దీర్ఘంతో పలికే బ్రిటన్ పౌరులు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల హ్రస్వోచ్చారణకు మళ్లారు, తెలుగు నోట మాత్రం నేటికీ దీర్ఘమే వినిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలో, 1940 జనవరి 8న, వెన్న, చక్కెర, బేకన్ అనే ఉప్పుపట్టిన పందిమాంసంతో బ్రిటన్‌లో మళ్లీ మొదలైన ఆహార నియంత్రణ 1954 జూలై 4 దాకా సాగింది. ఎంత ధనికుడైనా రేషన్ పుస్తకంలోని వంతుకు మించి ఆ సరుకులు కొనరాదు గనుక, అక్కడ రేషన్ అంటే అందరికీ ఒకేలా వర్తించే గరిష్ఠ పరిమితి.

భారతదేశంలో ఈ అర్థం క్రమంగా తలకిందులైంది. 1943 నాటి బెంగాల్ కరువు తర్వాత నగరాలకు విస్తరించిన నియంత్రణ, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడ్డాక ధాన్య సేకరణ, నిల్వ, చౌకధరల దుకాణాలతో కూడిన శాశ్వత పంపిణీ వ్యవస్థగా బలపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇవ్వడంతో రేషన్ అంటే పేదవాడికి దక్కవలసిన కనీస వాటా అనే భావం స్థిరపడింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా చేసింది. కార్డులో ఎందరి పేర్లున్నాయో చూసి తూచి ఇచ్చే ఈ పద్ధతిలో ‘రతియో’ నాటి లెక్క అలాగే ఉంది. కాకపోతే నాడు కొనేవాడిని కట్టడి చేసిన ఆ లెక్క నేడు ఇవ్వవలసిన ప్రభుత్వాన్ని కట్టడి చేస్తున్నది.