గడప దాకా వచ్చిన గోదారి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది ఇంజనీర్ల లెక్క. మా కోనసీమ లంకల్లో లెక్క ఇంటి ముందే ఉంటుంది. అరుగు తాకింది, గడప తాకింది, గడప దాటింది అంటారు. అరుగు తాకితే పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలతారు. గడప తాకితే వడ్ల బస్తాలు అటకెక్కుతాయి. గడప దాటితే మనుషులే కదలాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం దారి పట్టినప్పుడు ఎన్నో గుమ్మాలు మునిగాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటిన వరదనూ మావాళ్లు పాత గడపల ఆనవాలుతోనే 1986 వరదతో పోల్చి చూసుకున్నారు.

గుమ్మం మనిషి దాటే చోటు. దాన్ని పట్టి నిలిపే కొయ్య చట్రం ద్వారబంధం: రెండు నిలువు కమ్ములు, పైన అడ్డకమ్మి, కింద గడప. నాలుగింట్లో గడపదే పెద్ద చాకిరి. మాది ఒండ్రు నేల. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. కింద గడప లేకపోతే నిలువు కమ్ములు చెరో వైపు జరిగి తలుపు పట్టేస్తుంది. అందుకే కమ్మి కొనను సన్నగా చెక్కి, గడపలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క సీల కొట్టేవారు. ఇనప మేకుతో పనిలేదు. ఇనప బందులు రాకముందు తలుపు రెక్కకు కిందా పైనా కొయ్య ముక్కు ఉండేది. కింది ముక్కు గడపలోని గుంటలో తిరిగేది. మరీ పాత ఇళ్లలో ఆ గుంట చూస్తే ఎన్ని తరాలు ఆ తలుపు తీసి వేశారో చేతికి తెలుస్తుంది. నున్నగా, లోతుగా అరిగి ఉంటుంది.

మరి ఈ కొయ్య ఎక్కడిది? టేకు అడవి లేని నేల మాది. చేవ తేలిన తాడి దూలానికీ వాసానికీ భేషుగ్గా పనికొస్తుంది కానీ గడపకు పనికిరాదు. తొలిస్తే పీచు లేస్తుంది, బెజ్జం నిలవదు. టేకు కావాలంటే ఏటి ఎగువనుంచి రావలసిందే. పాపికొండల అవతల మన్యంలో కొట్టిన దుంగలను వెదుళ్లతో కలిపి తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే అవి రాజమండ్రి రేవుకు చేరేవి. ఏటి ఒడ్డున కలప అడితీలు వెలిసింది అందుకే. ఈ రాకపోకలు చాలా పాతవి. 17వ శతాబ్దంలోనే ఐరోపా వర్తకులు నరసాపురం, మాధవాయపాలెం రేవుల్లో ఓడలు కట్టించుకున్నారంటే ఎగువనుంచి దిగే కలప, దాన్ని మలిచే చేతులు రెండూ ఇక్కడ ఉండబట్టే.

1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఆ కలపకు ఊరూరికీ దారి దొరికింది. కాలువలు సాగునీటికే కాదు, పడవలకూ తవ్వినవి. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం లాకులు దాటి దుంగలు కాలవగట్టున దిగేవి. అక్కణ్నుంచి ఎడ్లబండి. కాలువ నీటితో రెండు పంటలు చేతికొచ్చిన రైతు మండువా లోగిలి కట్టుకున్నాడు. వీధి గుమ్మం పైకమ్మికి గజలక్ష్మినో తామరపువ్వునో చెక్కించాడు. ఆ తర్వాత కాకినాడ రేవు మీదుగా రంగం (రంగూన్) వెళ్లి సంపాదించుకొచ్చిన వాళ్ల కాలంలో బర్మా టేకు పేరు మోగింది. నా దృష్టిలో డెల్టా కలిమి కథ చదవాలంటే వీధి గుమ్మానికి మించిన పుస్తకం లేదు.

గుమ్మం ఎత్తడం ఇంటి పనిలో పెద్ద ముహూర్తం. గడప కింద నవధాన్యాలు, పిసరంత బంగారం, వెండి వేస్తారు. పైకమ్మికి పసుపు గుడ్డలో ధాన్యం మూట, మామిడాకులు కడతారు. ఆ రోజు వడ్రంగికి కొత్త బట్టలు, తాంబూలం ఇచ్చాకే మిగతా వాళ్ల సంగతి. అక్కణ్నుంచి గడప ఆడవాళ్ల చేతిలోకి వెళుతుంది. శుక్రవారం పసుపు, కుంకుమ బొట్లు, బియ్యప్పిండి ముగ్గు. కొత్త కోడలు వస్తే ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పందే లోపలికి రానివ్వరు. గడప మీద కూర్చోకూడదు, దాని మీదుగా ఇచ్చిపుచ్చుకోకూడదు. అలిగిన చుట్టం "మీ గడప తొక్కను" అని వెళ్లిపోతాడు. ఊరు ఎంతుందో చెప్పాలన్నా జనాభా చెప్పరు, ఇన్ని గడపలని చెబుతారు.

ఇప్పుడు కట్టే ఇళ్లలో వీధి గుమ్మానికీ దేవుడి గదికీ తప్ప గడప పెట్టడం లేదు. నేలంతా ఒకే మట్టంగా పలకలు పరుస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే సుఖం, కాదనను. నా బాధ పాత గడపల గురించి. పెంకుటిల్లు విప్పగానే స్తంభాలు, ద్వారబంధాలు పాత కలప కొనేవాళ్ల లారీ ఎక్కుతున్నాయి. ఏ ఊరివో, ఏ వరద చూసినవో చెప్పే మనిషి వాటి వెంట వెళ్లడు.

ఇల్లు విప్పే వాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. గోడ వైపు ఉండే కొయ్య ముఖాన్ని వడ్రంగి సాధారణంగా చిత్రిక పట్టడు, ఎవరికీ కనబడదు కనుక. 1882 మద్రాసు అటవీ చట్టం నాటినుంచి అడవి దాటే కలపకు సుత్తితో ముద్ర కొట్టే పద్ధతి ఉంది. కోతలో పోకుండా ఆ ముద్ర ఆ ముఖం మీద మిగిలి ఉండవచ్చు. చూసి ఫొటో తీయండి. గడప పొడవు, మందం కొలవండి. ఏ ఏడు కట్టిన ఇల్లు, 1986లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఇంట్లో పెద్దవాళ్లనడిగి రాయండి. ఒక ప్రతి ఊరి శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. కొయ్య కోత మిల్లుకు వెళ్లకముందే ఈ పని అయిపోవాలి.