కోస్తాంధ్రమున మండువా లోగిళ్ళు

క్రొత్తగా ఇల్లు కట్టదలచిన నేటి గృహస్థు మొట్టమొదట కాగితము మీద గీయించునది ఇంటి ముఖము. వీధిలో నిలిచి చూచువానికి అది ఎట్లు కనబడవలెను, మెట్లు ఏ వైపున రావలెను, పిట్టగోడకు ఏ రంగు వేయవలెను అను చర్చ ముగిసిన పిమ్మటనే లోపలి గదుల ప్రసక్తి వచ్చును. గోదావరీ కృష్ణా మండలములలో నూరేండ్లకు పూర్వము లోగిళ్ళు కట్టించినవారి పద్ధతి ఇందుకు విపరీతము. ఇంటి నడుమ ఎంత ఆకాశము విడువవలెనో వారు ముందుగా నిశ్చయించుకొనెడివారు. ఆ ఖాళీ చుట్టును నాలుగు వసారాలు, వాని వెనుక గదులు అమరెడివి. వీధివైపున తేలినదే ఇంటికి ముఖము.

ఆ ఖాళీయే మండువా. నాలుగు వైపుల కప్పులును లోపలికి వాలియుండుటచే వాన నీరంతయు ఇంటి నడుమనే పడును. పల్లముగా రాతితో పరచిన ఆ నేల నుండి తూము ద్వారా బయటికి పోవును. వర్షర్తువున చూరుల క్రింద గంగాళములు వరుసగా పెట్టి ఆ నీటిని పట్టుకొనుట ఆ ఇండ్ల స్త్రీలకు అలవాటు. వేసవిలో వేడెక్కిన గాలి ఆ మార్గముననే పైకి పోవుటచే, తలుపులు మూసి పడమటి గాడ్పును అడ్డగించినను, లోపల ఉక్క తెలియదు. వడ్లు ఆరబోయుటయు, అప్పడములు ఎండబెట్టుటయు, పెండ్లిపందిరి వేయుటయు అచటనే. ఇన్ని పనులకు ఒక్క చోటు చాలునట్లు చేసిన ఆ కల్పన ఏ ఒక్క మేస్త్రీ బుద్ధిబలముననో పుట్టినది కాదు.

నడుమ ముంగిలి విడిచి నాలుగు వైపుల శాలలు కట్టు చతుశ్శాలాక్రమము భారతదేశమున అతిప్రాచీనము. క్రీ.శ. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ద్వారములను, అలిందములను బట్టి ఇట్టి ఇండ్లను సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని అయిదు తెగలుగా విభజించెను. అంతకు పూర్వమే తెలుగుదేశమున ఇటుక గోడలకు మట్టిపెంకుల కప్పు వేయు విద్య కలదనుటకు కొండాపురము, పెద్దబంకూరు, ధూళికట్ట త్రవ్వకములలో బయల్పడిన శాతవాహనుల నాటి అవశేషములు సాక్ష్యము. అయినను ఆ ఇండ్ల నుండి మన మండువాల వరకు తెగని పరంపర యున్నదని నిరూపించుట సులభము కాదు. అట్లు నిరూపింప బూనినవారి ఉత్సాహము ప్రమాణములను మించినదని నా అభిప్రాయము.

స్థలము కుదిరిన తరువాత మొదటి పని దిక్కులను సాధించుట. నేలను చదును చేసి, వృత్తము గీచి, కేంద్రమున శంకువును పాతెడివారు. ఉదయము దాని నీడ కొస వృత్తమును తాకిన చోటను, మధ్యాహ్నము మరలిన పిదప తిరిగి తాకిన చోటను గుర్తులిడి, ఆ రెంటిని త్రాటితో కలిపినచో తూర్పు పడమరలు తేలును. పిమ్మట సిద్ధాంతిగారి లెక్క. ఇంటి పొడవును వెడల్పుతో గుణింపగా వచ్చిన పదమును 9 చేత హెచ్చవేసి 8 చేత భాగింపగా మిగిలిన శేషము ఆయమును తెలుపును. శేషము 1 అయినచో ధ్వజాయము, 2 ధూమాయము, 3 సింహాయము, 4 శ్వానాయము, 5 వృషభాయము, 6 ఖరాయము, 7 గజాయము. శేషము లేనిచో కాకాయము. వీనిలో బేసివి శుభములు, సరివి వర్జ్యములు.

ఇందులో 9 చేత హెచ్చవేయుట వట్టి ఆడంబరము. పదమును తిన్నగా 8 చేత భాగించినను శేషము అదియే వచ్చును. శేషము బేసి కావలెనన్న పదము బేసి కావలెను. పదము బేసి కావలెనన్న పొడవు వెడల్పులు రెండును బేసి కాక తప్పదు. 18 గజముల పొడవు, 13 గజముల వెడల్పు పెట్టదలచిన గృహస్థునకు ఏ సిద్ధాంతియు శుభాయమును చూపజాలడు. పొడవును 19కి పెంచినచో పదము 247 అయి గజాయము పట్టును. 17కు తగ్గించినచో 221 అయి వృషభాయము పట్టును. ఆ గజము పెంచుటకు సొమ్ము చాలునా, తగ్గించినచో గాదెకు చోటు చాలునా యను తర్జనభర్జన అరుగు మీద రోజుల తరబడి సాగెడిది. శాస్త్రమును నమ్మినను నమ్మకున్నను, ఇంటి కొలతలు యజమాని ఇష్టమునకే వదలబడక, నలుగురి యెదుట చర్చకు వచ్చుటకు అది హేతువయ్యెను. వంటయింటిని ఆగ్నేయమున, నూతిని ఈశాన్యమున నిలుపు నియమమున కూడ లోకానుభవము కొంత ఇమిడియున్నదని తోచును: పడమటి గాడ్పు వీచు వైశాఖమున, ఊరంతయు తాటాకు కప్పులైన కాలమున, పొయ్యి నిప్పురవ్వలు ఇంటి మీదుగా గాక పెరటివైపు పోవుటయే క్షేమము.

ఇంత విశాలముగా కట్టుకొనుటకు కలిమి వచ్చినది మాత్రము పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధముననే. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడ ఆనకట్ట 1855 నాటికిని ముగిసిన పిమ్మట, కాలువల క్రింది వరిపంటతో రైతుల చేతులలో రొక్కము ఆడసాగెను. 1852లోనే దిగువ బర్మా ఆంగ్లేయుల వశమగుటచే రంగూను టేకు మన రేవులకు ధారాళముగా దిగుమతి కాజొచ్చెను. తాటి దూలములు, వేప వాసములు ఉండినచోట నున్నని టేకు స్తంభములు, చెక్కడపు సింహద్వారములు వచ్చెను. బాసెల్ మిషన్ వారు 1865లో మంగళూరున నెలకొల్పిన కార్ఖానాతో మొదలై యంత్రపు పెంకులు దేశమంతట వ్యాపించుటచే, ఏటేట కుమ్మరి గూనపెంకులు నేయించు బాధ తగ్గెను. నాలుగు వాలులు కలిసికొను లోమూలలు మాత్రము ఏ పెంకులు వేసినను కారుచునే యుండెను. మండువా ఇంటి యజమాని మేస్త్రీకి ఆజన్మ ఋణస్థుడు.

వాన తక్కువగు రాయలసీమలో చవుడు మట్టి కప్పిన మిద్దెలును, తుపానులు వీచు సముద్రతీరమున తాటాకు చూరులు నేలను తాకునంతగా వంగిన చుట్టిళ్ళును ఇదే కాలమున నిలిచియుండెను. వానిని గూర్చి వేరుగా వ్రాయవలెను.

మండువా ఇంటికి బయటి అలంకారము స్వల్పము. వీధి గోడకు కిటికీలు అరుదు. ఉన్నదంతయు అరుగు, బాటసారులు పరుండుటకు, పెద్దలు తగవులు తీర్చుటకు, పంతులుగారు వీధిబడి నడుపుటకు అదియే చోటు. ఆ అరుగే ఎవరిని ఎంతవరకు రానీయవచ్చునో తేల్చు హద్దు కూడ. దాని ఔదార్యమును పొగడువారు, పొలము దున్ని ధాన్యము కొలిచిన పాలేరు ఆ అరుగెక్కక మెట్ల క్రిందనే నిలువబడుటను మరువరాదు. లోపల మూల గదులు పగలు కూడ చీకటిగా నుండెడివి. పురిటాండ్రకు దక్కినవి ఆ గదులే.

ఈ ఇండ్లను సిమెంటు చంపెనని పలువురందురు. సిమెంటు రాకముందే కాకినాడ, గుంటూరు వంటి పట్టణములలో ప్లీడర్లు బంగళాలకు మరలిరి. టేకు దూలముల మీద ఇటుకలను అంచులపై నిలిపి గానుగ సున్నముతో పోసిన మద్రాసు టెర్రేసు డాబాలు లేచెను. చదువు వలన ఆర్జించిన ధనము ఆర్జించినవానికే చెందునని 1930 నాటి చట్టము తేల్చుటచే, ఉద్యోగియైన తమ్మునికి ఉమ్మడి ఇంటితో పని తగ్గెను. చతుశ్శాల యొక్క ప్రాణము దాని ఐక్యతలో నుండుటచే, నలుగురన్నదమ్ములు దానిని పంచుకొనుట నాలుగెకరముల చేనిని పంచుకొనుట వంటిది కాదు. మండువాలో అడ్డగోడ లేచిన వెంటనే ఇరువైపుల గాలి నిలిచిపోవును. తూము పెద్దవాని వాటాలో పడినచో చిన్నవాని చూరునీటికి దారి యుండదు. కనుకనే భాగపత్రములలో లేఖరులు ఉమ్మడి నడవను, ఉమ్మడి నూతిని, చూరునీటి పారుదలను గూర్చి ప్రత్యేకముగా షరతులు వ్రాసెడివారు. ఆ షరతుల మీద తగవులు పడి, విసిగి, కప్పు దింపి, రంగూను టేకును పాత కలప వర్తకులకు అమ్మి, ఎవరి వాటాలో వారు డాబాలు కట్టుకొనిరి. సన్నగా చీలిన ఆ స్థలములలో మూడు వైపుల ప్రక్కవాని గోడలే యగుటచే, కిటికీ పెట్టుటకును, సొంపు చూపుటకును వీధివైపు ఒక్కటే మిగిలెను.